కళ్లక్క చూసే అంచు

పశువుల ఆసుపత్రిలో ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలుకొని ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టర్ వరకూ అందరికీ ఆమె కళ్లక్క. అంతకుముందు చాలా ఏళ్లు కళ్ల ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది కాబట్టి ఎవరో సరదాకి అన్నారు, ఆ మాటే అతుక్కుపోయింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఫోన్ ఎత్తితే "కళ్లక్కనే, చెప్పండి" అనేది.

కళ్ల ఆసుపత్రిలో ఆమె పని ఒక చిన్న చీకటి గదిలో. వచ్చినవాళ్లు మెషిన్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే, "కదలకండి, ఆ పచ్చ చుక్కనే చూడండి, ఇంకొంచెం... ఆఁ, అయిపోయింది" అంటూ కంటి వెనక పొరను స్కాన్ తీసేది. ఆ మెషిన్ వెలుతురుతో చూస్తుంది. కంటికి కనపడని వెలుతురు లోపలికి వెళ్లి, ఒక్కో పొరనూ తాకి తిరిగొస్తుంది. తిరిగొచ్చినదాన్ని బట్టి తెరమీద బొమ్మ తయారవుతుంది. కత్తి పెట్టకుండానే అడ్డంగా కోసి చూసినట్టుంటుంది. ఆ బొమ్మలంటే ఆమెకు ఇష్టం. భర్త పోయినప్పుడు కూడా సెలవు పూర్తికాకుండానే పనిలోకి వచ్చేసింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదకొస్తున్నాయి అంది.

తర్వాత ఆ ఆసుపత్రిని ఊరి అవతలున్న పెద్ద ఆసుపత్రిలో కలిపేశారు. అక్కడ కొత్త మెషిన్లు, వాటితోపాటే వాటిని నడిపే కొత్త మనుషులు. కళ్లక్కకు ఒక శాలువా కప్పి, నాలుగు మంచిమాటలు చెప్పి ఇంటికి పంపేశారు. ఇంట్లో ఉండేది తనూ, ఆడపడుచూ. భర్త చెల్లెలు అన్నమాట. పెళ్లి చేసుకోలేదు, బట్టలు కుడుతుంది. అన్న పోయాక ఈ ఇద్దరూ ఒకరినొకరు విడిచి ఉండలేక, అలాగని పోట్లాడకుండానూ ఉండలేక, ఒకే ఇంట్లో రోజులు గడుపుతున్నారు.

పెద్ద డాక్టర్ వెతుక్కుంటూ వచ్చింది ఆ ఇంటికే. ఆ రకం స్కాన్ మెషిన్లు బాగుచేసే అతనొకడు ఆమె గురించి చెప్పాడట. డాక్టర్ సన్నగా, పొడుగ్గా, ఆమెకంటే పదేళ్లు చిన్నగా ఉన్నాడు. కుట్టు మెషిన్ పక్కన గుడ్డముక్కలు జరుపుకుని కూర్చున్నాడు.

"మెషిన్ మీకు తెలిసిందే అక్కా. కాకపోతే దాని కింద పెట్టేది కన్ను కాదు. కుక్కల ఒంట్లోంచి తీసిన కేన్సర్ గడ్డ."

కళ్లక్క టీ కప్పు కింద పెట్టేసింది.

"గడ్డ మొత్తం వచ్చిందా, లోపల ఏమైనా మిగిలిందా అన్నది మా కంటికి ఆనదు. తీసిన ముక్కను పరీక్షకి పంపిస్తే జవాబు రావడానికి వారం పడుతుంది. అప్పటికి కుట్లు వేసేసి ఉంటాం, కుక్క ఇంటికెళ్లిపోయి ఉంటుంది. మిగిలిందని తెలిస్తే మళ్లీ మత్తు, మళ్లీ కోత. అదేదో కుక్క బల్లమీద ఉండగానే తెలిసిపోతే?"

"నేను కుక్కని ఎప్పుడూ ముట్టుకోను కూడా లేదండీ."

"ముట్టుకోనక్కర్లేదు. అది నిద్రపోతుంటుంది, మీరు పక్కగదిలో ఉంటారు."

ఆయన వెళ్లేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్న ఆడపడుచు, తలుపు మూయగానే మొదలుపెట్టింది.

"చివరికి కుక్కల దగ్గర చేరతావా వదినా?"

"కుక్క దగ్గర కాదు. కుక్కలోంచి తీసిన గడ్డ దగ్గర."

"అది మరీ బాగుంది! వచ్చేటప్పుడు చేతులు వీధిలోనే కడుక్కుని రా. మా అన్నయ్య ఉంటే ఏమనేవాడో."

"వెళ్లమనేవారు."

ఆ మాట నిజమే. ఆడపడుచు విసురుగా వెళ్లి కుట్టు మెషిన్ ముందు కూర్చుంది.

పని మొదలైన కొత్తలో ఆ వాసనకి ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. మందుల వాసన, తడి బొచ్చు వాసన, నేల కడిగిన నీళ్ల వాసన అన్నీ కలిసిపోయి ఉండేవి. తర్వాత్తర్వాత అలవాటైంది. ఆపరేషన్ గదికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఆమె బల్ల, మెషిన్, తెర. పెద్ద డాక్టర్ గడ్డను చుట్టూ ఉన్న మంచి కండతో సహా తీసి, ఏది తలవైపో ఏది వీపువైపో తెలిసేలా దారాలు కుట్టి, గుడ్డమీద పెట్టి పంపేవాడు. గడ్డ మధ్యలో ఏముందో ఆమెకు అనవసరం. ఆమె చూడాల్సింది అంచు. కత్తి తగిలిన చోటల్లా, చుట్టూ, అడుగున, ఒక మిల్లీమీటరు లోతు వరకూ చూడాలి. ఆ మెషిన్ అంతకంటే లోతుకు వెళ్లలేదు. అంచున మంచి కండే ఉంటే గడ్డ మొత్తం వచ్చినట్టు. గడ్డ అంచుదాకా పాకి ఉంటే దాని మిగతా సగం ఇంకా కుక్క ఒంట్లో ఉన్నట్టు.

ఒకరోజు అన్నం తింటూ ఆడపడుచు అడిగితే ఇదంతా చెప్పింది.

"అంటే మేం కుట్టుకి గుడ్డ వదులుతామే, అలాగా?"

"అలాగే అనుకో. కుట్టు గుడ్డ అంచుమీదే పడిందనుకో, ఏమవుతుంది?"

"రెండుసార్లు తొడిగితే ఊడొస్తుంది," అంది ఆడపడుచు. "సరే, ఇంక ఆ గడ్డల మాట ఆపి పెరుగు వేసుకో."

తెరమీద కొవ్వు తేనెపట్టులా కనపడేది, చిన్నచిన్న నల్లటి గదులు పక్కపక్కనే పేర్చినట్టు. కండ దువ్విన జుట్టులా గీతలు గీతలుగా ఉండేది. గడ్డ మాత్రం పొగమంచు. గదుల్లేవు, గీతల్లేవు, ఒకటే తెల్లటి మందం. ఆమె కన్ను అలవాటుపడిన కన్ను కాబట్టి తొందరగానే పట్టుకుంది. ఎక్కడైనా పొగమంచు అంచు తాకితే ఆ చోట చుక్క పెట్టి చెప్పేది. పెద్ద డాక్టర్ అక్కడ ఇంకొంచెం తీసేవాడు. తర్వాత ముక్క అంచులకి రంగులు పూసి, మందునీళ్లలో వేసి, పైఅంతస్తులో స్లైడ్లు చూసే డాక్టరమ్మకి పంపేవాళ్లు. అసలు తీర్పు ఆవిడది. మొదటి కొన్ని నెలలు ఈవిడ చెప్పినదీ ఆవిడ చెప్పినదీ బాగానే కలిశాయి. పెద్ద డాక్టర్ ఒకటికి రెండుసార్లు మెచ్చుకున్నాడు. కళ్లక్కకి నడకలో కొంచెం హుషారు వచ్చింది కూడా.

అప్పుడు వచ్చింది పాటల మాస్టారి కుక్క. ఆయన పిల్లలకి పాటలు నేర్పి రిటైరైన మనిషి. భుజం పక్కన గడ్డతో ఉన్న ముసలి కుక్కను ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చాడు. ఆపరేషన్ సాఫీగా జరిగింది. కళ్లక్క అంచులన్నీ చూసింది. అడుగువైపు గీతలు గీతలుగా కండ కనపడింది. "అంతా శుభ్రం" అంది. కుట్లు వేసేశారు.

వారానికి స్లైడ్ల డాక్టరమ్మ కబురు పంపింది. అడుగువైపు అంచున గడ్డ ఉంది.

ఆ రకం గడ్డలు ఒక్కోసారి కండ పోగుల మధ్యనుంచి, అవి ఏ వైపు పోతే ఆ వైపే, సన్నటి దారాల్లా పాకుతాయట. చూడ్డానికి అచ్చం కండలాగే ఉంటాయి. కళ్లక్క చూసిన గీతల్లో కొన్ని కండ కాదు. ముసలి కుక్కకి మళ్లీ మత్తిచ్చారు, మళ్లీ కోశారు. అది తట్టుకుంది, కోలుకుంది. కానీ రెండోసారి దాన్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మాస్టారు పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఆమె గది ఎక్కడో అడిగి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, కోపంతో అడగడం లేదు. మొదటిసారే ఎందుకు చూడలేదు?"

ఆమె కుర్చీలోంచి లేచింది. "చూశానండీ. చూసి కూడా పోల్చుకోలేకపోయాను."

ఆయన తలూపాడు. "సరే," అన్నాడు. "ఇంకోసారి పోల్చుకోండి." అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

అప్పట్నుంచి ఆమెకి అన్నీ గడ్డలుగానే కనపడసాగాయి. కొంచెం గడ్డకట్టిన రక్తం ఉన్నా అనుమానమే, కాస్త వాపున్నా అనుమానమే. "ఇక్కడా చూడండి, అక్కడా చూడండి" అంటూ చుక్కలమీద చుక్కలు పెట్టింది. పైనుంచి రిపోర్టులేమో శుభ్రం, శుభ్రం అని వచ్చేవి. అనవసరంగా తీసిన చోట ఒక కుక్కకి కుట్లు బిగుసుకుని పుండు మానడానికి చాలా రోజులు పట్టింది.

పెద్ద డాక్టర్ ఒకరోజు మాస్కు కిందకి లాగి, నెమ్మదిగానే అన్నాడు. "అక్కా, మీరు చెప్పినచోటల్లా కోసుకుంటూ పోతే చివరికి తోక ఒక్కటే మిగిలేట్టుంది."

ఆమె నవ్వలేదు. "నావల్ల కాదేమో డాక్టర్ గారూ. వేరే ఎవరినైనా చూసుకోండి."

"చూసుకుంటే వాళ్లూ మొదట్నుంచి మొదలుపెట్టాలి. ఆ తప్పులన్నీ మళ్లీ వాళ్లు చేయాలి. మీరు ఇప్పటికే కొన్ని చేసేశారుగా!" అని, తన మాటకి తనే నవ్వి, "పైకి వెళ్లండి. డాక్టరమ్మ పక్కన కూర్చోండి. నేను చెప్పానని చెప్పండి," అన్నాడు.

స్లైడ్ల డాక్టరమ్మ అంటే ఆసుపత్రిలో అందరికీ హడలే. మాట పొదుపు, చూపు కరుకు. ఆమె గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. కళ్లక్క వెళ్లి గుమ్మం దగ్గర నిలబడితే తలెత్తకుండానే, "చెప్పులు బయట. కుర్చీ అదిగో," అంది.

ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు అది. వారంలో ఒక మధ్యాహ్నం కళ్లక్క పైకెక్కి, తను తీసిన బొమ్మ ఒక పక్క పెట్టుకుని, అదే చోటు స్లైడులో ఎలా ఉందో చూడటం అలవాటు చేసుకుంది. మైక్రోస్కోపులో లోకమంతా గులాబీ రంగు, ఊదా రంగు. తను పొగమంచు అనుకున్నది అక్కడ కిక్కిరిసిన ఊదా చుక్కలు. తను గడ్డ అని భయపడ్డది ఎన్నోసార్లు వట్టి వాపు.

"ఇదేంటి?" అనేది డాక్టరమ్మ.

"గడ్డేనండీ."

"కాదు. పాత పుండు మానిన మచ్చ. మళ్లీ చూడు."

"ఇది?"

"కండ."

"సగం కండ. ఆ పోగుల మధ్యలో ఏముంది? తొందరెందుకు, బస్సేం పోవడం లేదుగా?"

చీవాట్లు తింటూనే నేర్చుకుంది. కొన్నాళ్లకి డాక్టరమ్మ "మీరు" అనడం మానేసి చాలాకాలమైందని ఆమెకి తట్టింది. కోపంతో కాదు, చనువుతో. ఒకరోజైతే స్లైడు చూపించి, "ఇది నాకూ అర్థం కాలేదు, నీ మెషిన్‌లో ఎలా ఉంది?" అని అడిగింది. జవాబు కళ్లక్క దగ్గరా లేదు. అంతుపట్టని ఆ స్లైడు ముందే ఇద్దరూ కలిసి కూర్చున్నారు. అది కూడా బాగానే అనిపించింది.

మసి వచ్చింది ఆ రోజుల్లోనే. నల్లటి కుక్క, మూతి మాత్రం నెరిసింది. సెలూన్ నడిపే ఒకాయనది. పగలంతా షాపు గుమ్మంలో పడుకుని, వచ్చే పోయే వాళ్లందరిచేతా తనను దాటించుకునేది. ముందు కాలికి, పంజాకి కొంచెం పైన, నిమ్మకాయంత గడ్డ లేచింది. అక్కడ చర్మం తక్కువ, కండ అంతకన్నా తక్కువ. పూర్తిగా తీయాలంటే కాలే తీసేయాలి. చాలా కుక్కలు మూడు కాళ్లతో హాయిగా తిరుగుతాయని పెద్ద డాక్టర్ సెలూన్ ఆయనకి చెప్పాడు. తర్వాత ఎక్స్‌రే చూసి ఆయనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మసికి వెనక కీళ్లు రెండూ అరిగిపోయి ఉన్నాయి. ముందు కాలు పోతే బరువు మొత్తం వాటిమీదే పడుతుంది.

"ఎలాగైనా కాలు నిలబెట్టండి డాక్టర్ గారూ," అన్నాడు సెలూన్ ఆయన. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిలబడకపోతే... మీ ఇష్టం. నొప్పి లేకుండా ఉంటే చాలు."

ఆపరేషన్‌కి ముందు రోజే మసికి సూదిమందు ఒకటి ఎక్కించారు. అది గడ్డ ఉన్నచోట నిలిచిపోయి, ప్రత్యేకమైన కెమెరా పెడితే మెరుస్తుంది. తీసిన ముక్కను కళ్లక్క చూస్తే, కుక్క ఒంటిమీద మిగిలిన గాయాన్ని ఆ కెమెరా చూస్తుంది. అయితే దాన్ని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. వట్టి వాపున్నా మెరుస్తుంది.

ముక్క వచ్చింది. కళ్లక్క చర్మంవైపు చూసింది. అంచు పలచగా ఉంది గానీ తేనెపట్టు తెగకుండా ఉంది. పక్కలు చూసింది. అడుగువైపు తిప్పింది. అక్కడ, తలవైపు దారానికి దగ్గర్లో, గీతలున్నాయి. గీతల మధ్య తెలుపు ఉంది. ఆమె మెషిన్ ఆపి, తుడిచి, మళ్లీ చూసింది. అలాగే ఉంది. మాస్టారు గుమ్మంలో నిలబడ్డట్టే అనిపించింది. శుభ్రం అనడానికి నోరు రాలేదు. గడ్డ అనడానికీ రాలేదు.

ఆపరేషన్ గది తలుపు తీసింది. "డాక్టర్ గారూ, ఒకచోట నాకు తెలియడం లేదు."

ఆయన చేతులు గాల్లో ఆగాయి. "తెలియకపోవడమంటే?"

"కండ కావచ్చు, గడ్డ కావచ్చు. గడ్డవైపే మొగ్గుతోంది మనసు. కానీ ఒట్టేసి చెప్పలేను."

ఆయన విసుక్కోలేదు. "ఎక్కడ?" అన్నాడు. ఆమె చూపించింది. లైట్లు తగ్గించి గాయంమీద కెమెరా పెట్టారు. తెరంతా నలుపు. సరిగ్గా ఆ చోట, పంజాని కదిలించే నరంలాంటి గట్టి తాడు మీద, మిణుకుమిణుకుమంటూ ఏదో ఉంది. గట్టిగా చూస్తే ఉంది, రెప్పవేస్తే లేదు. అక్కడ తీయాలంటే ఆ తాడుమీది పొర ఒలవాలి. చెయ్యి జారి తాడు తెగితే పంజా పనిచేయదు.

"డాక్టరమ్మని పిలవండి," అన్నాడు ఆయన.

తన గది వదిలి ఎవరికోసమూ రాని డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. కళ్లక్క బల్ల దగ్గర వంగి, బొమ్మను చాలాసేపు చూసింది.

"నాకూ తెలియదు," అంది. "రంగు వేసి చూడందే నేను చెప్పను." తర్వాత, కళ్లజోడు పైకి నెట్టుకుంటూ, "కానీ నేనైతే ఆ పొరని వదలను."

"మీరు కోయరుగా," అన్నాడు పెద్ద డాక్టర్.

"అందుకే నువ్వున్నావు."

ఆయన ఒకసారి ఊపిరి తీసి వదిలాడు. వంగి, ఉల్లిపొర తీసినట్టు ఆ పొరను కొద్దికొద్దిగా ఒలిచాడు. గదిలో ఎవరూ కదల్లేదు. మసి మాత్రం ఏమీ ఎరగకుండా గుర్రుపెట్టింది. పొర వచ్చింది, తాడు తెల్లగా చెక్కుచెదరకుండా మిగిలింది. ఒలిచిన ఆ పొరను కళ్లక్క మెషిన్ కింద పెట్టి, తాడువైపు కొత్త అంచు చూసింది. ఒకదాని పక్కన ఒకటి, గీతలు శుభ్రంగా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. ఇంకోసారి చూసింది. ఏమీ లేదు.

"ఇప్పుడు చెప్పగలను," అంది. "కుట్టేయండి."

ఆ వారమంతా ఆడపడుచు ఏం వడ్డించినా కళ్లక్క ఏం తింటున్నదో చూసుకోకుండా తింది. "వదినా, కూరలో ఉప్పు మర్చిపోయాను, నువ్వు ఏమీ అనలేదంటే నాకు భయంగా ఉంది," అంది ఆడపడుచు ఒకపూట. "ఆ కుక్క సంగతి తెలిసేదాకా నిన్ను కదిలించను, పో."

జవాబు కాగితం కిందకి పంపకుండా డాక్టరమ్మ కళ్లక్కనే పైకి పిలిపించింది. "కూర్చో. చూడు," అని పక్కకి జరిగింది. గులాబీ పోగుల మధ్య, ఒలిచిన ఆ పలచటి పొరలో, ఊదా చుక్కలు ఒక దారంలా సాగి ఉన్నాయి. దారం పొర దాటలేదు. అవతల అంచంతా ఖాళీ.

"చర్మంవైపు మాత్రం వెంట్రుకవాసిలో తప్పింది," అంది డాక్టరమ్మ. "శుభ్రమే, కానీ నిశ్చింతగా ఉండటానికి లేదు. మూడు నెలలకోసారి రమ్మని చెప్పు."

కళ్లక్క తలూపింది. సంతోషం అనుకున్నంతగా పొంగలేదు.  కిందకి దిగి, వెనక వరండాలో మెట్టుమీద కూర్చుని, టీ చల్లారేదాకా తాగకుండా పట్టుకుని, ఆ తర్వాత ఒక్క గుక్కలో తాగేసింది.

మసి పుండు మానడానికి చాలాకాలం తీసుకుంది. నాకకుండా మెడకి గరాటాలాంటిది కట్టించుకుని, షాపులో అన్ని కుర్చీలకీ దాన్ని తగిలించి, గడ్డం గీసే సబ్బునీళ్ల గిన్నె ఒకసారి తన్నేసింది కూడా. కొంచెం కుంటింది, తర్వాత అది కూడా పోయింది. రమ్మన్నప్పుడల్లా సెలూన్ ఆయన తీసుకొచ్చాడు. పెద్ద డాక్టర్ నొక్కి నొక్కి చూసేవాడు. గడ్డ తిరిగి రాలేదు. కళ్లక్క ఆ తర్వాత ఇంకా ఎన్నో అంచులు చూసింది. కొన్నిటిలో పొరపాటు పడింది, మునుపటికన్నా తక్కువ పడింది. "తెలియడం లేదు" అన్న మాట ఇప్పుడు ఆ గదిలో మామూలు మాట. అది వినపడితే అందరూ ఆగి ఒకచోట చేరేవాళ్లు.

కొన్నేళ్లకి ఒక మధ్యాహ్నం సెలూన్ ఆయన ఒక్కడే వచ్చాడు. పక్కన కుక్క లేదు.

"పోయిందక్కా," అన్నాడు. "గుమ్మంలోనే, నిద్రలో. కాలు మంచిగానే ఉంది. వయసైపోయింది, అంతే."

ఆమె కుర్చీ జరిపింది. ఆయన కూర్చున్నాడు.  తెరవైపు చూస్తూ అడిగాడు.

"దాని కాలు లోపలి బొమ్మలు మీ దగ్గర ఉంటాయటగా. ఒకసారి చూపిస్తారా? అర్థం కావులెండి. ఊరికే."

కళ్లక్క వెతికి తెరిచింది. శుభ్రంగా ఉన్న అంచులవి చూపించింది. నల్లటి చిన్నచిన్న గదులు పేర్చినట్టున్న కొవ్వు, ఆ తర్వాత తాడుమీది పొర గీతలు, దువ్వినట్టు ఒకే వరసలో. ఆయన ముందుకు వంగి, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు.

"ఇదంతా మా మసేనా?"

"మసే."

"లోపల కూడా ఎంత ముచ్చటగా ఉందో చూడండి," అన్నాడు ఆయన. ఆమె వెలుతురు ఇంకొంచెం పెంచి, ఆయనకి బాగా కనపడేలా తెరను అటు తిప్పింది.